కుట్టు నమూనా, కథ ఒకే సంచికలో: 19వ శతాబ్దపు తొలినాళ్ల స్త్రీల పత్రికలు

19వ శతాబ్దం తొలి నలభై ఏళ్లలో ఐరోపాలోనూ అమెరికాలోనూ వెలువడిన స్త్రీల పత్రికలను ఇన్నాళ్లూ రెండు వర్గాలవాళ్లు వేర్వేరుగా చదివారు. దుస్తుల చరిత్ర రాసేవాళ్లు బొమ్మలు చూశారు. సాహిత్య చరిత్ర రాసేవాళ్లు కథలూ కవితలూ వెతుక్కున్నారు. ఒకరు చూసిన పుట మరొకరి కంట పడలేదు. దీనికి కొంత కారణం ఆ పత్రికలు మనదాకా వచ్చిన తీరులోనే ఉంది. పాత పుస్తకాల వ్యాపారులు రంగుల ఫ్యాషన్ బొమ్మలను సంపుటాల్లోంచి కోసి విడిగా అమ్ముకున్నారు. అవి మ్యూజియాలకూ సేకర్తల ఇళ్లకూ చేరాయి. మిగిలిన అక్షరాలు గ్రంథాలయాల అటకెక్కాయి. బైండింగు చేసేటప్పుడు పై అట్టలూ ప్రకటనలూ తీసి పారేశారు. అలా ముక్కలైన సంచికను చూసి తీర్పులు చెప్పడంతో ఆ తీర్పులూ ముక్కలుగానే ఉండిపోయాయి.

ఆ తీర్పుల్లో ఎక్కువగా వినిపించేది ఒకటే. 18వ శతాబ్దంలో స్త్రీల పత్రికలు ఆలోచనకు చోటిచ్చాయనీ, 19వ శతాబ్దంలో ఫ్యాషన్ వచ్చి సాహిత్యాన్ని పక్కకు నెట్టిందనీ. ఈ మాటలో కొంత నిజం ఉంది. అయితే సంచికను మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకటిగా చదివితే, మారింది మరొకటని తెలుస్తుంది. ఫ్యాషనూ సాహిత్యమూ చాలాకాలం కలిసే బతికాయి. తగ్గిపోయింది పాఠకురాలు తన చేత్తో చేసే పని. రాసేది, కుట్టేది, జవాబు చెప్పేది అయిన పాఠకురాలు మెల్లగా చూసేది, కొనేది అయింది. అదే కాలంలో కొద్దిమంది స్త్రీలకు రచన, సంపాదకత్వం జీవనోపాధి అయ్యాయి. ఈ రెండు మార్పులనూ కలిపి చూడాలన్నదే ఈ వ్యాసం వాదన.

ఆరు పెన్నీల పత్రిక

ఈ కథ 1770లో లండన్‌లో మొదలవుతుంది. పుస్తక వ్యాపారి జాన్ కూట్ ఆలోచనతో ఆ ఏడాది ఆగస్టులో ‘లేడీస్ మ్యాగజైన్’ పుట్టింది. కొద్దికాలానికే దాని హక్కు కోసం ప్రచురణకర్తల మధ్య కోర్టు తగాదా నడిచింది. చివరికి పాటర్‌నోస్టర్ రోలోని జార్జి రాబిన్సన్ సంస్థ చేతుల్లో అది స్థిరపడింది. వెల ఆరు పెన్నీలు. నెలకో సంచిక, ఏడాది చివర ఒక అనుబంధం. ధారావాహికలు, కవితలు, ఫ్రెంచి అనువాదాలు, ప్రయాణ వృత్తాంతాలు, దేశవిదేశాల వార్తలు, పెళ్లిళ్లు, చావుల కబుర్లు, పొడుపు కథలు, పాటల స్వరలిపి, చెక్కడపు బొమ్మలు అన్నీ అందులో ఉండేవి. 1774 నుంచి ‘మేట్రన్’ అనే శీర్షికలో మిసెస్ గ్రే పేరుతో ఒక పెద్దావిడ పాఠకుల కష్టసుఖాలకు సలహాలు చెప్పేది. ఈనాటి వారపత్రికల్లో ‘మీ సమస్యలు – మా సమాధానాలు’ వంటి శీర్షికలకు అది ముత్తాత.

వీటన్నిటి నడుమ మడతపెట్టిన ఒక కాగితం ఉండేది. అదే కుట్టు నమూనా. గౌను అంచుకో, ఆప్రానుకో, రుమాలుకో, మగవాళ్ల వెయిస్టుకోటుకో వేసుకునే లతలూ పువ్వులూ దాని మీద అచ్చయ్యేవి. గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, పైన పొడి అద్ది, డిజైనును బట్ట మీదికి దించేవారు. మన మగ్గం వర్క్ చేసేవాళ్లు ట్రేసింగ్ కాగితంతో నేటికీ చేసేది ఇదే పని. వాడితే ఆ కాగితం పాడైపోతుంది. అందుకే ఈనాడు దొరికే సంపుటాల్లో చాలావాటిలో నమూనాలు కనబడవు. ఆ పుట లేదంటే ఆ సంచిక పని చేసిందన్నమాట. కథ చదివాక మిగిలే గుర్తు ఏమీ ఉండదు. కుట్టిన నమూనాకు మాత్రం, కాగితం పోయిన చోటే సాక్ష్యం.

రచనల సంగతీ అంతే. ఈ పత్రిక చాలాకాలం పారితోషికం లేని రచనల మీద నడిచింది. బడి పిల్లలు, టీచర్లు, గృహిణులు, గుమాస్తాలు, కొందరు మగవాళ్లు స్త్రీల పేర్లతో, రకరకాల కలంపేర్లతో రాసేవారు. ‘మా రచయితలకు’ అనే శీర్షికలో సంపాదకులు ఎవరి రచన అందిందో, ఎవరిది తిప్పిపంపారో, ఎవరు ధారావాహికను సగంలో ఆపేసి పాఠకులను ఎదురుచూసేలా చేస్తున్నారో బాహాటంగా ప్రకటించేవారు. ఒక నెల పొడుపు కథకు పై నెల జవాబు పద్యరూపంలో వచ్చేది. ఆ జవాబుకు ఇంకొకరు బదులిచ్చేవారు. ఇతర పుస్తకాల్లోంచి చెప్పకుండా ఎత్తుకొచ్చిన రచనలూ తక్కువేమీ కాదు. నాణ్యత ఎగుడుదిగుడుగా ఉన్న మాట నిజమే. అయినా కళాశాల గడప తొక్కే హక్కు లేని ఆడవాళ్లకు, తమ మాట అచ్చులో చూసుకునే అవకాశం ఇంత చవగ్గా మరెక్కడా దొరకలేదు.

ఈ పత్రిక పాఠకుల మీద ఎంత ముద్ర వేసిందో చెప్పడానికి షార్లెట్ బ్రాంటే ఒక్కతే చాలు. 1840లో కవి హార్ట్‌లీ కోల్‌రిడ్జ్‌కు రాసిన ఉత్తరంలో, చిన్నప్పుడు ‘లేడీస్ మ్యాగజైన్’ పాత సంచికలను దొంగచాటుగా చదివిన సంగతి చెప్పింది. అవి తల్లివో పెద్దమ్మవో స్పష్టంగా చెప్పలేని కుటుంబ వారసత్వం. ఓడ ప్రమాదంలో సముద్రపు నీళ్లు తాగి మరకలు పడినవి. చివరికి అందులోవి పనికిమాలిన ప్రేమకథలని తండ్రి వాటిని కాల్చేశాడు. ఆ పత్రిక వెలిగిన రోజుల్లో పుట్టి అందులో రాసి ఉంటే బాగుండేదని ‘జేన్ ఎయిర్’ రాయబోయే మనిషి అనుకుంది. తండ్రి మంటలో వేసినది కూతురికి మొదటి కథల బడి.

పారిస్ నుంచి వచ్చిన రంగు

లండన్‌లో ‘లేడీస్ మ్యాగజైన్’ నడుస్తుండగా ఫ్యాషన్ పత్రిక వేరే చోట పెరిగింది. 1785లో పారిస్‌లో ‘కాబినే దె మోద్’, మరుసటి ఏడాది వైమార్‌లో బెర్తూఖ్, క్రౌస్ ప్రారంభించిన పత్రిక వచ్చాయి. విప్లవం చల్లారాక 1797లో పారిస్‌లో ‘జుర్నాల్ దె దామ్ ఎ దె మోద్’ మొదలైంది. దాన్ని మూడు దశాబ్దాలపాటు నడిపి పేరు తెచ్చినవాడు పియర్ ద లా మెసాంజెర్. ఒకప్పుడు చర్చి సేవలో ఉండి తత్వశాస్త్రం బోధించిన మనిషి. అయిదు రోజులకొకసారి సన్నని సంచిక, దానితో చేత్తో రంగులద్దిన ఒక బొమ్మ. నాటకశాలల్లో, విహార తోటల్లో, లాంగ్‌షాన్ బాటలో ఎవరు ఏం తొడుక్కున్నారో చూసి వచ్చి బొమ్మలు గీయించేవారు. ఊహల్లోని రాణి అలంకారం బదులు ఈ వారం వీధిలో కనబడ్డ టోపీని చూపడం కొత్త పద్ధతి. కొత్తదనానికి తేదీ వేయడం అక్కడే మొదలైంది.

ఆ పద్ధతిని ఇంగ్లండుకు తగ్గట్టు మలచినవాళ్లలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు జాన్ బెల్. 1806 ఫిబ్రవరిలో ఆయన ‘లా బెల్ అసెంబ్లే’ ప్రారంభించాడు. పెద్ద సైజు, మేలైన కాగితం, రాజవంశీకుల చిత్రాలు, ప్రతి నెలా ఫ్యాషన్ బొమ్మలు, పాటలు, సాహిత్య అనుబంధాలు. ఆ బొమ్మల్లోని గౌన్లలో చాలావాటిని రూపొందించినది మిసెస్ బెల్ అనే దుస్తుల వ్యాపారి. ఆమె దుకాణం ఎక్కడుందో పత్రికే చెప్పేది. కథ చదువుతూ పుట తిప్పితే బొమ్మ, బొమ్మ కింద వర్ణన, వర్ణన చివర దుకాణం. పాఠకురాలిని కొనుగోలుదారుగా నడిపించే దారి అంత సూటిగా వేసినవాళ్లు అంతకుముందు అరుదు.

రెండోవాడు రుడాల్ఫ్ అకర్‌మన్. సాక్సనీలో పుట్టి, గుర్రపు బండ్లకు డిజైన్లు గీస్తూ లండన్ చేరి, స్ట్రాండ్ వీధిలో 101వ నంబరు దుకాణం తెరిచాడు. 1809 నుంచి 1828 దాకా ఆయన నడిపిన ‘రిపాజిటరీ ఆఫ్ ఆర్ట్స్’ నలభై సంపుటాలైంది. ఇది స్త్రీల కోసమే పెట్టిన పత్రిక కాకపోయినా, నెలనెలా వచ్చే ఫ్యాషన్ బొమ్మల వల్ల స్త్రీల చేతుల్లో బాగా తిరిగింది. తొలి సంవత్సరాల సంచికల్లో ఒక పుట ఉండేది. చెక్కడపు బొమ్మల చట్రం మధ్య గళ్లు వదిలి, ఆ గళ్లలో నిజమైన గుడ్డ ముక్కలు అంటించేవారు. మస్లిన్ ఒకటి, పట్టు ఒకటి, అద్దకం గుడ్డ ఒకటి; గోడలకూ కుర్చీలకూ వాడే వస్త్రాలు కూడా. ఏ ముక్క దేనికి పనికొస్తుందో, ఏ దుకాణంలో దొరుకుతుందో పక్కన రాసేవారు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా కొన్ని ప్రతుల్లో ఆ ముక్కల రంగు నిలిచి ఉంది. చదివే కన్నుకు తోడు వేలు కూడా పుటను తాకాలని కోరుకున్న పత్రిక అది. కానీ ‘లేడీస్ మ్యాగజైన్’ కుట్టు కాగితంతో దీన్ని పోల్చి చూడాలి. అక్కడ పాఠకురాలు కాగితం తీసుకుని తానే బట్టను అలంకరిస్తుంది. ఇక్కడ తయారైన బట్టను తాకి చూసి కొనడానికి బయల్దేరుతుంది.

ఆ గుడ్డ ముక్కలు బ్రిటన్ మిల్లుల సరుకుకు ప్రచారం కోసం పెట్టినవి. తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 17, 18 శతాబ్దాల్లో ఐరోపా ఆడవాళ్లు మోజుపడిన అద్దకం బట్టల్లో మచిలీపట్నం పరిసరాల నుంచీ కోరమండల్ తీరం నుంచీ వెళ్లిన కలంకారీలు ఉన్నాయి. ఆ మోజును ఆపడానికి 1721లో బ్రిటన్ అద్దకపు నూలు బట్టలు తొడగడాన్నే నిషేధించింది. ఆ నిషేధం 1774లో తొలగింది. అప్పటికి లాంకషైర్‌లో యంత్రాలు తిరగడం మొదలైంది. 1810 నాటికి ఫ్యాషన్ బొమ్మల్లో కనిపించే తెల్లటి మస్లిన్ గౌను ఊహ ఇండియాదే. నూలు వడికిందీ నేసిందీ ఎక్కువగా బ్రిటన్‌లోనే. కాశ్మీరు శాలువా నకలు స్కాట్లండులోని పెయిజ్లీలో తయారైంది. బొమ్మ కింది వర్ణన కత్తిరింపు చెప్పింది, రంగు చెప్పింది, దుకాణం చెప్పింది. వడికిన చెయ్యి గురించి, పత్తి పండించిన బానిస గురించి అక్కడ చోటు లేదు.

సాహిత్యం పోయిందా?

ఫ్యాషన్ బొమ్మ రాగానే సాహిత్యం పలచబడిందన్నవాళ్లు ముందు వియన్నా వైపు చూడాలి. 1816లో అక్కడ యోహాన్ షిక్ ప్రారంభించిన పత్రిక కళ, సాహిత్యం, నాటకం, ఫ్యాషన్ అన్న నాలుగు మాటల్నీ పేరులోనే పెట్టుకుంది. షూబర్ట్ ప్రసిద్ధ గీతం ‘డీ ఫొరెల్లె’ 1820లో ఆ పత్రిక అనుబంధంగానే అచ్చులోకి వచ్చింది. కొత్త గౌను బొమ్మ వచ్చిన చేతుల్లోకే ఆ కాలపు గొప్ప సంగీతమూ వచ్చింది. పారిస్‌లో 1829లో ఎమీల్ ద జిరార్దాఁ ‘లా మోద్’ పెడితే, గవార్నీ బొమ్మలు వేశాడు. మరుసటి ఏడాది బాల్జాక్ సొగసైన జీవితం గురించి తన వ్యాసాలను అందులోనే రాశాడు. నడక, మెడకు కట్టిన గుడ్డ, చేతి తొడుగు చూసి మనిషి తరగతి చెప్పగలిగే ఆయన నవలాకారుడి చూపు ఫ్యాషన్ పత్రికలో సాన పట్టుకుంది.

ఇంగ్లండులో మేరీ రస్సెల్ మిట్‌ఫర్డ్ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. దుబారా తండ్రిని పోషించాల్సిన బరువు మీద పడ్డ ఆమె, 1822 నుంచి ‘లేడీస్ మ్యాగజైన్’లో తన పల్లె గురించి చిన్న చిన్న రేఖాచిత్రాలు రాసింది. 1824లో అవి ‘అవర్ విలేజ్’ పుస్తకమయ్యాయి. ఇంగ్లీషు పల్లె జీవితపు వచనానికి అది పెద్ద మైలురాయి. నెలవారీ పత్రికకు సరిపడే నిడివి, ఇరుగుపొరుగుతో మాట్లాడే చనువు, ఒక రుతువును ఒక సంచికలో ఇమడ్చడం వంటి లక్షణాలన్నీ ఆ పత్రిక పెట్టిన కొలతల నుంచే వచ్చాయి.

అకర్‌మనే 1822 చివర ‘ఫర్‌గెట్ మీ నాట్’ అనే వార్షిక సంచికతో మరో దారి తెరిచాడు. క్రిస్మస్‌కు కానుకగా ఇచ్చే అందమైన పుస్తకం, చెక్కడపు బొమ్మలు, వాటికి తగిన కవితలు, కథలు. ‘కీప్‌సేక్’ వంటివి దాన్ని అనుసరించాయి. ఎల్.ఇ.ఎల్. అన్న మూడక్షరాల పేరుతో లెటీషియా లాండన్, మేరీ షెల్లీ వంటివాళ్లు వాటికి డబ్బు తీసుకుని రాశారు. బొమ్మ ముందు తయారై, కవిత దానికోసం రాయవలసి రావడం చాలాసార్లు జరిగింది. ఆ షరతు కవయిత్రులను ఇరుకున పెట్టింది, వాళ్ల పొయ్యి కూడా వెలిగించింది. ఈ రెండింటిలో ఒకదాన్నే చెప్పే చరిత్ర అసంపూర్తి.

పారితోషికం రావడంతో ఒక తలుపు తెరుచుకుని ఇంకొకటి మూసుకుంది. పేరున్న రచయిత్రులకు డబ్బు దొరికింది. ఊరూపేరూ లేని బడి పిల్ల పంపే పద్యానికి చోటు తగ్గింది. ‘లేడీస్ మ్యాగజైన్’ 1832లో ‘లేడీస్ మంత్లీ మ్యూజియం’తో కలిసిపోయింది. తర్వాత కొన్నేళ్లకే బెల్ పత్రిక వారసురాలితోనూ కలిసి, 1847లో ఆగిపోయింది.

కనబడని కూలి

ఆ కాలపు రంగుల బొమ్మ గురించి మాట్లాడితే రంగు వేసినవాళ్ల గురించి తప్పక మాట్లాడాలి. రాగిరేకు మీద, తర్వాత స్టీలు రేకు మీద చెక్కిన బొమ్మ నల్ల గీతలుగా అచ్చయ్యేది. రంగు ప్రతి ఒక్క ప్రతికీ చేత్తో వేయాల్సిందే. బల్ల చుట్టూ ఆడవాళ్లు, అమ్మాయిలు కూర్చునేవారు. ఒకరు ఆకాశనీలం, మరొకరు గులాబీ, ఇంకొకరు చర్మపు రంగు వేసి పక్కకు జరిపేవారు. ఎదురుగా ఒక నమూనా ప్రతి ఉండేది. అయినా ఒకే సంచిక రెండు ప్రతులను పక్కపక్కన పెడితే ఒకదాంట్లో రిబ్బను నీలం, ఇంకోదాంట్లో ఊదా కావచ్చు. ఫిలడెల్ఫియాలో ‘గోడీస్ లేడీస్ బుక్’ అచ్చువేసిన లూయీ గోడీ తన బొమ్మలకు రంగులు వేసే స్త్రీలు 150 మంది ఉన్నారని గర్వంగా చెప్పుకున్నాడు. వాళ్ల పేర్లు పత్రికలో ఒక్కటీ రాలేదు.

ఆ బొమ్మను చూసి గౌను కుట్టినవాళ్లదీ అదే గతి. ఫ్యాషన్ ఎంత త్వరగా మారితే, దర్జీ దుకాణాల్లోని అమ్మాయిలు అంత రాత్రిదాకా మేలుకోవాలి. 1843లో బ్రిటన్ ప్రభుత్వ విచారణ సంఘం లండన్ దుస్తుల దుకాణాల్లో పనిగంటలు ఎంత దారుణంగా ఉన్నాయో నమోదు చేసింది. ఆ ఏడాదే థామస్ హుడ్ చొక్కా కుట్టే స్త్రీ మీద రాసిన కవిత దేశాన్ని కదిలించింది. అది వచ్చింది హాస్యపత్రిక ‘పంచ్’లో. ఫ్యాషన్ పత్రికలు నెలనెలా రంగుల సూదిపనిని కీర్తిస్తూ, ఆ సూది పట్టిన మనిషి గురించి ఎక్కువగా మౌనం వహించాయి. ఈ పత్రికల మీద మోపాల్సిన నేరం తేలికపాటి కథలు వేయడం కాదు, ఈ మౌనమే.

సంపాదకురాలి కుర్చీ

అయితే అదే వ్యవస్థ కొందరు స్త్రీలను సంపాదక స్థానంలో కూర్చోబెట్టింది. మిలాన్‌లో 1804లో మొదలైన ‘కొరియేరె దెల్లె దామె’ను కరోలీనా లట్టాంజీ నడిపింది. లండన్‌లో 1832 నుంచి కొన్నేళ్లు ‘కోర్ట్ మ్యాగజైన్’గా మారిన బెల్ పత్రికకు కరోలిన్ నార్టన్ సంపాదకురాలు. భర్తతో విడిపోయాక పిల్లలను చూసే హక్కు కూడా ఆమెకు లేకపోయింది. పెళ్లయిన స్త్రీ కలం సంపాదన చట్టం ప్రకారం భర్తదే. ఆమె పోరాటం వల్లే 1839లో తల్లులకు పసిపిల్లల విషయంలో కొంత హక్కు ఇచ్చిన చట్టం వచ్చింది. ఫ్యాషన్ పత్రికకు సంపాదకురాలిగా పేరు అచ్చయిన మనిషే బ్రిటన్ కుటుంబ చట్టాన్ని మార్చింది.

అమెరికాలో సారా జోసఫా హేల్ చరిత్ర ఇంకా పొడవైనది. 1822లో భర్త పోయేసరికి అయిదుగురు పిల్లలు. 1828లో బోస్టన్‌లో అదే పేరుతో వెలువడిన వేరే ‘లేడీస్ మ్యాగజైన్’ సంపాదకత్వం చేపట్టింది. 1837లో గోడీ ఆ పత్రికను తనదానిలో కలుపుకొని ఆమెనే సంపాదకురాలిని చేశాడు. అక్కడి నుంచి 1877 దాకా ఆమె ఆ కుర్చీ వదల్లేదు. ఫ్యాషన్ బొమ్మలంటే ఆమెకు స్వతహాగా అంత మక్కువ లేదు. చందాదారులను తెచ్చేవి అవేనని మాత్రం తెలుసు. ఆ చందా డబ్బుతో అమెరికన్ రచయితలకు, ముఖ్యంగా స్త్రీలకు చోటిచ్చింది. ఎడ్గార్ అలన్ పో కథ ‘ది కాస్క్ ఆఫ్ అమోంటిలాడో’ 1846లో వచ్చింది ఆ పత్రికలోనే. ఆడపిల్లల ఉన్నత చదువు కోసం, స్త్రీలు వైద్యులు కావడం కోసం దశాబ్దాల పాటు రాసింది. ఓటు హక్కును మాత్రం ఆమె సమర్థించలేదు. అంతర్యుద్ధం దేశాన్ని చీలుస్తున్నా గోడీ తన పుటల్లో రాజకీయం రానివ్వలేదు. బానిసత్వం ఉన్న రాష్ట్రాల చందాదారులు పోకూడదన్న లెక్క అందులో ఉంది. లక్షన్నర చందాలు ఉన్న పత్రిక ఆ ప్రశ్నపై నోరు విప్పకపోవడాన్ని మర్యాద అనలేం.

పరిశోధకులు ఎక్కడికి చేరారు

1970లో సింథియా వైట్, 1972లో అలిసన్ ఆడ్బర్గమ్ ఈ పత్రికలను మొదటిసారి విస్తృతంగా పరిచయం చేశారు. 19వ శతాబ్దంలో స్త్రీల పత్రిక ఇంటి గోడల మధ్యకు కుదించుకుపోయిందన్న కథనం ఆ తరంలో బలపడింది. 1977లో ఆన్ డగ్లస్ అమెరికా విషయంలో మరింత కఠినంగా తీర్పిచ్చింది. 1990ల్లో గాలి మారింది. పట్రీషియా ఓకర్ హేల్ వంటి సంపాదకురాళ్ల అధికారాన్ని తూచి చూపింది. 1996లో మార్గరెట్ బీతమ్ ఈ పత్రికలు స్త్రీని ఒక చట్రంలో బిగిస్తూనే, ఆ చట్రాన్ని ప్రశ్నించే సందులూ ఇచ్చాయని వాదించింది. కెంట్ విశ్వవిద్యాలయంలో జెన్నీ బాచెలర్ బృందం ‘లేడీస్ మ్యాగజైన్’లోని వేల రచనలను సూచిగా పేర్చింది. 2022లో వచ్చిన ఆమె పుస్తకం ఆ పత్రికను సాహిత్య చరిత్ర నడిబొడ్డుకు తెచ్చింది. 2016లో ఆ పత్రిక పాత నమూనాలను ఎందరో తమ ఇళ్లలో మళ్లీ కుట్టారు. ఆ పనులు ఇంగ్లండులోని చాటన్ హౌస్‌లో ప్రదర్శనకు వచ్చాయి. కుట్టి చూస్తే తప్ప తెలియని సంగతులు ఉంటాయని ఒప్పుకున్న సాహిత్య పరిశోధన అది. ఇంతవరకు జరిగిన పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. అక్షరాన్నీ దారాన్నీ అది మళ్లీ ఒకచోట చేర్చింది.

మిగిలిన పనీ తక్కువేమీ కాదు. పారిస్ బొమ్మ వియన్నాకో మిలాన్‌కో లండన్‌కో ఫిలడెల్ఫియాకో వెళ్లేసరికి ఏం మారిందో, పక్కన ఏ కథ వచ్చిందో దేశాల వారీగా కాక, సంచికల వారీగా చూడాలి. రంగులద్దిన స్త్రీల జీతాల పుస్తకాలను ప్రచురణ సంస్థల పాత దస్తావేజుల్లో వెతకాలి.

ఈ పరిశీలన మన భాషకూ పనికొస్తుంది. 1902లో మొదలైన ‘హిందూసుందరి’ ఆ ఏడాదే భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కథను వేసింది. బడి చదువు అంతంతమాత్రమైన ఎందరో స్త్రీలు అందులో రాశారు. 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి పెట్టిన ‘గృహలక్ష్మి’లో రచయిత్రుల కథలు, ఆయన తయారుచేసిన లోధ్ర మందు ప్రకటనలు పక్కపక్కనే నడిచాయి. ఐరోపా పత్రికలకూ వీటికీ మధ్య ఒక శతాబ్దం ఎడం ఉంది, వలసపాలన ఉంది. వాటికి ఇవి నకళ్లు కావు. కానీ చదివే స్త్రీ రాసే స్త్రీ అవుతుందా, కొనే స్త్రీ అవుతుందా అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే. మన గ్రంథాలయాలు పాత స్త్రీల పత్రికలను స్కాన్ చేసేటప్పుడు ప్రకటనలు, వంటలు, అల్లిక బొమ్మలు, పాఠకుల ఉత్తరాలు ‘పనికిరాని పుటలు’ అని వదిలేయకూడదు. కథను మాత్రమే ఏరి సంకలనం చేస్తే, లండన్ వ్యాపారి బొమ్మను మాత్రమే కోసి అమ్మిన తప్పే మనమూ చేసినట్టవుతుంది. స్త్రీలకు ఆ పత్రికలు ఏం ఇచ్చాయో, వాళ్ల దగ్గర ఏం తీసుకున్నాయో లెక్క తేలాలంటే ముందు సంచిక మొత్తం మన ముందుండాలి.